పాత జీ41 బోర్డులో కొత్త ర్యామ్: 6జీబీ చూపిస్తోంది, కానీ నీలం తెర వస్తోంది. ఎలా పరీక్షించాలి?

రాజాం_రోడ్:
అందరికీ నమస్తే. జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపులో వాడే పీసీ. జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కలిపే చిప్పుల జత) బోర్డు, డీడీఆర్3, రెండే ర్యామ్ స్లాట్లు. కోర్ 2 డ్యుయో ఈ7500 ప్రాసెసర్. విండోస్ 7, 64 బిట్. ఇన్నాళ్లూ ఒకే ఒక్క 2జీబీ ర్యామ్. ఇప్పుడు 4జీబీవి రెండు తెచ్చాం, వేర్వేరు చోట్ల కొన్నవి. ఒకటి పచ్చ బోర్డుది, ఇంకోటి నల్లది. రెంటి మీదా 1333 అనే ఉంది.

రెండూ కలిపి వేస్తే డిస్‌ప్లే రాదు, పొడుగు బీప్ ఆగకుండా మోగుతుంది. నల్లది ఒక్కటే వేసినా బీపే. పచ్చది ఒక్కటే ఒకటో స్లాట్‌లో వేస్తే బూట్ అయింది, 4జీబీ చూపించింది. పచ్చది ఒకటో స్లాట్‌లో, పాత 2జీబీ రెండో స్లాట్‌లో వేస్తే 6జీబీ చూపిస్తోంది గానీ, బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు తెరిచేసరికి నీలం తెర. దాని మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటోంది. పెద్ద జిప్ ఫైల్ విప్పితే సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైల్ డేటా సరిపోలలేదని. నల్లది వాపసు ఇచ్చేయాలా? పచ్చది కూడా పాడైనదేనా? విండోస్ మళ్లీ వేయమంటారా?

గంటస్తంభం:
విండోస్ ముట్టుకోకండి. ర్యామ్ మీద అనుమానం ఉన్నంతసేపు విండోస్ వేయకూడదు, బయోస్ (బోర్డును లేపే ప్రోగ్రాం) అప్‌డేట్ అసలే చేయకూడదు. బయోస్ ఫైల్ ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచే చిప్‌లోకి వెళ్తుంది. దారిలో ఒక్క బిట్ తప్పినా బోర్డు లేవదు.

ముందు ఒక్క పని. రెండు కొత్త స్టిక్కుల (ర్యామ్ ముక్కల) మీదా నల్ల చిప్పులు లెక్కపెట్టండి. ఒక వైపే ఉన్నాయా, రెండు వైపులా ఉన్నాయా? స్టిక్కర్ మీద 4జీబీ పక్కన 1ఆర్ఎక్స్8 (8 చిప్పులది) అని ఉందో 2ఆర్ఎక్స్8 (16 చిప్పులది) అని ఉందో కూడా చూడండి.

రాజాం_రోడ్:
పచ్చదానికి రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం 16. 2ఆర్ఎక్స్8 అని ఉంది. నల్లదానికి ఒక వైపే 8. స్టిక్కర్ మీద 1ఆర్ఎక్స్8, పీసీ3ఎల్ 12800 అని చిన్న అక్షరాల్లో ఉంది. పైన 1333 అని వేరే స్టిక్కర్ అంటించారు.

గంటస్తంభం:
అయితే నల్లది పాడైనది కాకపోవచ్చు, మీ బోర్డుకు పనికొచ్చేది మాత్రం కాదు. 4జీబీని 8 చిప్పుల్లో సర్దాలంటే ఒక్కో చిప్పు 4 గిగాబిట్లది కావాలి. జీ41 మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ను నడిపే భాగం) 2 గిగాబిట్ చిప్పుల వరకే చిరునామా వేయగలదు. అందుకే ఈ చిప్‌సెట్ మీద 4జీబీ స్టిక్ అంటే 16 చిప్పులదే ఉండాలి. 8 చిప్పులది వేస్తే కొన్ని బోర్డులు బీప్ కొడతాయి, కొన్ని సగమే, అంటే 2జీబీయే చూపిస్తాయి. అదే స్టిక్ తర్వాత వచ్చిన హెచ్61 చిప్‌సెట్ బోర్డులో శుభ్రంగా పనిచేస్తుంది. కాబట్టి షాపులో ఇది డెడ్ అని గొడవ పడకండి, నా బోర్డుకు 2ఆర్ఎక్స్8 కావాలి, మార్చి ఇవ్వండి అని అడగండి. స్టిక్కర్ మాత్రం పీకొద్దు, వారంటీ పోతుంది.

పీసీ3ఎల్ అంటే 1.35 వోల్టులది. డీడీఆర్3ఎల్ స్టిక్ మామూలు 1.5 వోల్టుల స్లాట్‌లోనూ నడుస్తుంది, ఆ విషయంలో భయం లేదు. 12800 అంటే 1600 వేగం. 10600 అంటే 1333, 8500 అంటే 1066. పైన అంటించిన 1333 స్టిక్కర్‌కు విలువ లేదు, కంపెనీ స్టిక్కర్ మీదున్నదే లెక్క.

ఇంకో మాట. సీపీయూ-జెడ్ (పీసీ వివరాలు చూపే ప్రోగ్రాం)లో మెమరీ ట్యాబ్ తెరిస్తే డీర్యామ్ ఫ్రీక్వెన్సీ దగ్గర 533 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో కనిపిస్తుంది. కంగారు పడొద్దు. డీడీఆర్ కాబట్టి దాన్ని రెండుతో గుణిస్తే 1066. మీ ఈ7500 బస్ వేగం 1066, జీ41 అధికారికంగా ఇచ్చేదీ అంతే. 1333 స్టిక్ అయినా ఇందులో 1066 దగ్గరే నడుస్తుంది. దీన్ని చూసే చాలామంది డూప్లికేట్ ర్యామ్ ఇచ్చారని తగాదాకు వెళ్తారు.

నాగావళి:
పచ్చది, పాతది కలిసినప్పుడు వచ్చే నీలం తెర సంగతి వేరు. బయోస్ ఆన్ అవగానే చూపించే 6జీబీ, ఆ స్టిక్‌లో ఉండే చిన్న ఎస్‌పీడీ చిప్ చదివి చెప్పే లెక్క. ఉన్న ప్రతి గడిలో రాసి, తిరిగి చదివి సరిచూసిన లెక్క కాదు. అది చేయాలంటే మెమ్‌టెస్ట్86+ కావాలి. ఉచితం. మెమ్‌టెస్ట్86 అని ప్లస్ లేకుండా ఇంకోటి ఉంది, దాని కొత్త వెర్షన్లు యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) ఉన్న బోర్డుల్లోనే బూట్ అవుతాయి. మీ జీ41ది పాత బయోస్, కాబట్టి ప్లస్ ఉన్నదే తీసుకోండి.

వేరే మంచి కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించండి. ఈ పీసీలో మాత్రం ఎక్కించొద్దు, తప్పుల ర్యామ్‌లోంచి వెళ్లిన ఫైలే తప్పు కావచ్చు. బూట్ మెనూ బోర్డును బట్టి ఎఫ్8, ఎఫ్11 లేదా ఎఫ్12. పెన్‌డ్రైవ్ అక్కడ కనిపించకపోతే బయోస్‌లో హార్డ్‌డిస్కుల జాబితాలో వెతకండి, పాత బోర్డులు దాన్ని హార్డ్‌డిస్కు కిందే లెక్కేస్తాయి. అప్పటికీ కాకపోతే సీడీ రాసుకోవడం మేలు.

అసలు విషయం పరీక్ష వరస. రెండు స్టిక్కులు కలిపి పరీక్షిస్తే ఎర్రర్ వచ్చిందని తెలుస్తుంది తప్ప ఎవరిదో తెలియదు. ఒక్కో స్టిక్‌ను ఒక్కో స్లాట్‌లో విడివిడిగా పెట్టాలి:

పచ్చది ఒకటో స్లాట్, రెండోది ఖాళీ.
పచ్చది రెండో స్లాట్, ఒకటోది ఖాళీ.
పాతది ఒకటో స్లాట్.
పాతది రెండో స్లాట్.

కాగితం మీద గడులు గీసి పెట్టుకోండి. ఒక్కోదానికి ఎన్ని పాస్‌లు (మొత్తం పరీక్ష ఒక చుట్టు పూర్తయితే ఒక పాస్) అయ్యాయి, ఎన్ని ఎర్రర్లు, ఫెయిలింగ్ అడ్రస్ ఏమిటి, ఎర్రర్ బిట్స్ ఏమిటి, అన్నీ రాయండి. ఫోన్‌తో తెర ఫొటో తీయండి, షాపువాళ్లకు చూపించడానికి అదే సాక్ష్యం. కోర్ 2 మీద 4జీబీకి ఒక పాస్ సుమారు గంట పడుతుంది. తొలి పాస్‌లో ఎర్రర్ వస్తే అక్కడే ఆపేయొచ్చు, ఇంక నడిపి తెలుసుకునేది తక్కువ. రాకపోతే మాత్రం నాలుగు పాస్‌లు నడవాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. 4జీబీలో ఒక్కటే కదా అని వదిలేస్తే, ఆ ఒక్కటి ఎవరి అప్లికేషన్‌లో పడుతుందో చెప్పలేం.

బొబ్బిలి_వీణ:
విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది కదండీ, అది చాలదా?

నాగావళి:
దాని వాడకం దానికుంది. అది నడుస్తున్నప్పుడు ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోకపోతే స్టాండర్డ్ పరీక్ష మాత్రమే చేస్తుంది. ఫలితం ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో, మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్ పేరుతో ఉంటుంది. ఎర్రర్ వచ్చిందంటే నమ్మొచ్చు. రాలేదంటే మాత్రం దాన్ని పట్టుకుని ర్యామ్ మంచిదని తీర్పు చెప్పలేం. పైగా ఏ బిట్ తప్పిందో అది చెప్పదు, ఇక్కడ మనకు కావలసింది అదే.

పలాస_జీడితోట:
టెస్టుకి ముందు ఓ మాటండి. మన తీరం గాలిలో ఉప్పుంటాది, ర్యామ్ పళ్లకీ స్లాట్ పళ్లకీ పట్టీస్తాది. సానా ఎర్రర్లు దాని వల్ల వస్తాయి.

పవర్ ఆపడమంటే షట్‌డౌన్ ఒక్కటే సాలదు. ప్లగ్గు పీకీయండి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. షట్‌డౌన్ సేసినా బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై వస్తానే ఉంటాది, బోర్డు మీద చిన్న లైటు ఎలుగుతుంటే కరెంటు ఉన్నట్టే. అది పూర్తిగా ఆరిపోయాకే ర్యామ్ ముట్టుకోవాల. ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనప రేకుని సేత్తో తాకాల, ఒంట్లో స్టాటిక్ పోతాది.

ర్యామ్ బంగారం పళ్లని తెల్ల పెన్సిల్ రబ్బరుతో ఒకే వైపుకి నెమ్మదిగా రుద్దండి. పెన్ను రబ్బరు గరుగ్గా ఉంటాది, అది ఒద్దు. ఉప్పుకాగితం అసలే ఒద్దు, బంగారం పూత లేసిపోయి లోపల నికెల్, రాగి బయటపడతాయి, మళ్లీ ఉప్పుగాలికి అవి ఇంకా బేగి పాడవుతాయి. రబ్బరు తురుముని మెత్తటి బ్రష్షుతో దులిపీయాల, లేకపోతే అదే స్లాట్లోకి పోయి అడ్డు పడతాది. తర్వాత మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిసీయండి. సేతులకి రాసుకునే శానిటైజర్ మాత్రం వాడకండి, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి, జిగురు మిగిలిపోతాది.

స్లాట్‌కి కొత్త పళ్ల బ్రష్షు ఆల్కహాల్‌లో ముంచి పొడుగూ నడపండి, అడ్డంగా రుద్దొద్దు, లోపలి కాళ్లు ఒంగిపోతాయి. అరగంట ఆరనియ్యాల. మళ్లీ పెట్టినప్పుడు స్టిక్ కోత, స్లాట్ గుబ్బ ఎదురెదురు సూసుకుని, రెండు సివర్లా బొటనవేళ్లతో సమానంగా నొక్కాల. రెండు క్లిప్పులూ వాటంతట అవే టక్కుమని పడాల. సేత్తో క్లిప్పు మూసీస్తే లోపల ఒక సివర తేలి ఉండిపోతాది. తేలిన స్టిక్ మీద పవర్ ఇస్తే పళ్లు కాలిపోవచ్చు.

ఆమదాలవలస_జంక్షన్:
రాత్రంతా టెస్ట్ పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. కరెంటు పోయి మామూలు ఇన్వర్టర్ మీదకు మారే క్షణంలో పీసీ రీస్టార్ట్ అవుతుంది. తెల్లారి చూసి టెస్ట్ మధ్యలో రీసెట్ అయిందని ర్యామ్ మీద వేస్తారు. కంప్యూటర్ యూపీఎస్ మీదే నడపండి.

అలాగే ఎర్రర్లు వచ్చినంత మాత్రాన ర్యామ్‌దే తప్పు కాదు. బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ, ర్యామ్ స్లాట్ల పక్కన నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉండాలి. ఉబ్బినా, తల మీద గోధుమరంగు పదార్థం కారినా ర్యామ్‌కు వెళ్లే వోల్టేజీ నిలకడగా ఉండదు, కొత్త ర్యామ్ కూడా తప్పులు చెబుతుంది. జీ41లో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో లేదు, బోర్డు మీద నార్త్‌బ్రిడ్జి అనే వేరే చిప్‌లో ఉంది. ఆ చిప్ మీది హీట్‌సింక్ ప్లాస్టిక్ పిన్‌లు వదులైనా, పేస్టు ఎండిపోయినా వేడెక్కి ఎర్రర్లు ఇస్తుంది. మే నెలలో ఇది ఎక్కువ. హెచ్61 లాంటి తర్వాతి బోర్డులకు కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది, కాబట్టి ఆ బోర్డుల్లో ఒక స్లాట్ పనిచేయకపోతే ముందు ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ ఏదైనా వంగిందేమో చూడాలి.

రాజాం_రోడ్:
వరస ప్రకారం చేశాను, ఇంకా ఏదీ తుడవకుండానే.

పచ్చది ఒకటో స్లాట్: 4 పాస్‌లు, ఎర్రర్లు 0.
పచ్చది రెండో స్లాట్: మొదటి పాస్‌లోనే వందల ఎర్రర్లు. అడ్రస్‌లు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉన్నాయి, ఎర్రర్ బిట్స్ మాత్రం అన్ని వరసల్లో 00000400.
పాతది ఒకటో స్లాట్: 4 పాస్‌లు, 0.
పాతది రెండో స్లాట్: వందల ఎర్రర్లు, ఇక్కడా 00000400.

కెపాసిటర్లు చదునుగానే ఉన్నాయి.

గంటస్తంభం:
ఇంతకన్నా స్పష్టమైన ఫలితం దొరకదు. చిప్పు పాడైతే ఎర్రర్ స్టిక్‌తో పాటు కదులుతుంది. స్లాట్ పాడైతే స్టిక్ మార్చినా ఎర్రర్ అక్కడే ఉంటుంది. మీకు స్టిక్కులు మారాయి, తప్పు రెండో స్లాట్‌లోనే కూర్చుంది. స్టిక్కులు రెండూ మంచివే.

ఆ 00000400 అనేదాన్ని చదవడం నేర్చుకుంటే చాలా పనికొస్తుంది. అది హెక్సాడెసిమల్‌లో, అంటే 0 నుంచి 9, ఆపై ఏ నుంచి ఎఫ్ వరకు పదహారు గుర్తులు వాడే లెక్కలో రాసిన సంఖ్య. విప్పితే 32 బిట్లలో ఒకే ఒక్కటి, సున్నా నుంచి లెక్కిస్తే 10వ బిట్, తప్పింది. ర్యామ్ నుంచి కంట్రోలర్‌కు 64 డేటా గీతలు వెళ్తాయి. అడ్రస్ ఏదైనా సరే ఒకే బిట్ తప్పుతోందంటే, వాటిలో ఒక గీత ఎక్కడో సరిగా ఆనడం లేదు. అడ్రస్‌ల చివరి అంకె 0 లేదా 8 అయితే 64లో మొదటి సగం, 4 లేదా సి అయితే రెండో సగం. ఫలానా పిన్ అని వేలు పెట్టి మాత్రం చెప్పలేం, బోర్డు తయారుచేసేవాళ్లు గీతలు వేసేటప్పుడు వరస మార్చుకుంటారు.

దీనికి భిన్నంగా, ప్రతి పాస్‌లో అదే ఒక్క అడ్రస్, అదే బిట్ వస్తే చిప్పు లోపల ఒక గడి చచ్చిందని అర్థం. అది స్టిక్ మార్చాల్సిన కేసు. ఒక్కోసారి ఒక్కో చోట, బిట్లు కూడా కలగాపులగంగా వస్తే వోల్టేజీ, వేడి, టైమింగులు (ర్యామ్ జవాబు కోసం ఆగే సమయాలు) చూడాలి.

స్లాట్ తుడిచి మళ్లీ పెట్టండి.

వంశధార_గట్టు:
బయోస్‌లో డీడీఆర్3 వోల్టేజీ 1.6కి పెంచితే ఎర్రర్లు పోతాయి, అది ప్రయత్నించి చూడండి.

గంటస్తంభం:
ఈ కేసులో వద్దండి. ఆనని కాలు వోల్టు పెంచితే ఆనదు. రేపు ఇంకాస్త తేమ పడితే మళ్లీ మొదటికొస్తుంది, ఈలోగా చిప్పులు అనవసరంగా వేడెక్కుతాయి. రెండు రకాల స్టిక్కులు కలిపినప్పుడు మాత్రమే ఎర్రర్లు వస్తుంటే, ముందు వేగం ఒక మెట్టు తగ్గించి చూడాలి, 1066 నుంచి 800కి. తర్వాత టైమింగులు వదులు చేయాలి. వోల్టేజీ ఆఖరి మాట.

బొబ్బిలి_వీణ:
మధ్యలో నాదో ప్రశ్న. జీ31 బోర్డు, డీడీఆర్2, రెండు 2జీబీలు వేస్తే విండోస్‌లో 3.25 జీబీయే వాడుకోవచ్చంటోంది. మెమ్‌టెస్ట్ శుభ్రంగా పాసైంది. ఆన్‌లైన్‌లో డీడీఆర్2 4జీబీ స్టిక్ చవగ్గా ఉంది, తీసుకోవచ్చా?

నాగావళి:
3.25 అంటే మీది 32 బిట్ విండోస్ అయి ఉండాలి. 4జీబీ చిరునామాల్లో కొంత గ్రాఫిక్స్, ఇతర పరికరాలకు పోతుంది, మిగిలిందే మీకు. ర్యామ్ తప్పు కాదు. 64 బిట్ వేసినా అంతే చూపిస్తే ఎంఎస్ కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ మెమరీకి టిక్ ఉంటే తీసేయండి. బయోస్‌లో మెమరీ రీమ్యాప్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఆ బోర్డు ఇచ్చేది అంతే.

4జీబీ డీడీఆర్2 స్టిక్ కొనొద్దు. జీ31 మొత్తం మీద 4జీబీకి మించి తీసుకోదు. పైగా చవగ్గా దొరికేవి ఏఎమ్‌డీ బోర్డులకు మాత్రమే అని అమ్మే రకం. వాటిలో ఎక్స్4 (ఒక్కోటి ఒకసారికి 4 బిట్లే ఇచ్చే) చిప్పులుంటాయి, ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌సెట్లు వాటిని తీసుకోవు.

పలాస_జీడితోట:
డీడీఆర్2, డీడీఆర్3 రెండూ 240 కాళ్లవే గానీ కోత సోటు వేరు. పట్టనిదాన్ని బలవంతంగా నొక్కితే స్లాట్ పగిలిపోతాది. జీ41లో రెండు రకాల బోర్డులూ వచ్చేయి, కొనే ముందు పాత స్టిక్ పట్టుకెళ్లి పక్కన పెట్టి సూసుకోండి.

రాజాం_రోడ్:
రెండో స్లాట్ చెప్పినట్టే ఆల్కహాల్‌తో మూడుసార్లు తుడిచాను. టార్చి వేసి చూస్తే ఒక మూల రెండు కాళ్ల మీద తెల్లటి పొర కనిపించింది, అది పోయింది. గంట ఆరనిచ్చి పచ్చది రెండో స్లాట్‌లో పెట్టి 4 పాస్‌లు నడిపాను: 0. తర్వాత పాతది: 0. రెండూ కలిపి రాత్రంతా యూపీఎస్ మీద నడిస్తే 6 పాస్‌లు, 0. నల్లది మార్చి 16 చిప్పులది ఇస్తామన్నారు.

నాగావళి:
మంచిది. కొత్తది వచ్చాక మళ్లీ అదే వరస: ముందు ఒంటరిగా, తర్వాత రెండూ కలిపి. విడివిడిగా పాసైనవి కలిసి ఫెయిలవ్వడం ఉంది, రెండు స్టిక్కులు నడిస్తే కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది. కొత్త స్టిక్ పెట్టాక బయోస్ పాత సెట్టింగులు పట్టుకుని బీప్ కొడితే, ప్లగ్గు పీకి సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచే చోటు) క్లియర్ చేయండి. బోర్డు అంత పాతది కాబట్టి సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చేయండి.

గంటస్తంభం:
ఇంకొక్క పని మిగిలింది, దీన్ని ఎక్కువమంది మరిచిపోతారు. ఎర్రర్లు వచ్చిన రోజుల్లో ఆ పీసీలో సేవ్ చేసినవి, కాపీ చేసినవి అన్నీ ఆ రెండో స్లాట్ గుండా వెళ్లినవే కావచ్చు. ర్యామ్ ఇప్పుడు బాగైనా డిస్కులో పడిన తప్పు అలాగే ఉంటుంది. ముందు చెక్‌డిస్క్ నడపండి, తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్ ఫైల్ చెకర్ నడపండి. ఆ రోజుల్లో విప్పిన జిప్‌లు మళ్లీ విప్పండి, పెన్‌డ్రైవ్‌లోకి తీసిన బ్యాకప్ మళ్లీ తీయండి. జనం అప్లికేషన్ల కోసం స్కాన్ చేసిన సర్టిఫికెట్లను ఒక్కొక్కటీ తెరిచి చూడండి. తెరుచుకోనివి, సగం బూడిదరంగు పట్టినవి ఉంటే ఆ మనిషికి ఫోన్ చేసి, ఆఖరు తేదీ దాటకముందే మళ్లీ స్కాన్ చేయించండి.

రాజాం_రోడ్:
చూశాను. రెండు పీడీఎఫ్‌లు తెరుచుకోలేదు. ఇద్దరికీ ఫోన్ చేశాను, రేపు పొద్దున్న ఒరిజినల్స్ పట్టుకొస్తారు.